మా వీపుల వెనక గోలు

క్లబ్బు కార్యదర్శి గారికి,

మీరు పంపిన ఫోటో అందింది. నా కుట్టు దుకాణంలో పదిమందికీ కనబడేలా పెట్టమన్నారు.

ఆదివారం పొద్దున్నుంచీ సైకిలుకి మైకు కట్టుకుని, గొంతు బొంగురుపోయేదాకా వీధులన్నీ తిరిగి మన జట్టు ఫుట్‌బాల్ ఆటకి అరవైమందిని మైదానానికి రప్పించాను. ఊళ్లో పెళ్లికి కుక్కల హడావిడి అన్నట్టు, మీరు ఆట మధ్యలో ఫోటోగ్రాఫరుని వెంటేసుకుని దిగారు. "జనం ఇంతేనా? అందరూ గోలుపోస్టు పక్కకి జరగండి, నిండుగా కనబడాలి" అన్నారు. జరిగాం. "ఇప్పుడు ఇటు తిరిగి నవ్వండి" అన్నారు. ముసలి మాస్టారు "ఆట నడుస్తోందయ్యా" అంటే, "ఆటదేముందండీ, ముందు ప్రచారం కావాలి" అని ఆయన్నీ తిప్పారు.

సరిగ్గా అప్పుడే మనవాళ్లు ఈ ఏడాదికి మొదటి గోలు కొట్టారు. మాలో ఒక్కరూ చూడలేదు. మీ ఫోటోలో మాత్రం బంతి వలలో ఉంది. కొట్టినవాడు చేతులెత్తి మా వీపులకేసి పరుగెత్తుకొస్తున్నాడు. మేం మీకేసి పళ్లికిలిస్తున్నాం.

నిన్న అతను చిరిగిన జెర్సీ కుట్టించుకోవడానికి వచ్చి, "మీరైనా చూశారా అన్నా?" అని అడిగాడు. చూశానన్నాను.

అతను మళ్లీ వస్తాడు. అందుకే ఫోటో తిప్పి పంపుతున్నాను. మీ గోడకే తగిలించుకోండి.

ఇట్లు,
ముందు వరుసలో మైకు పట్టుకుని ఇకిలిస్తున్నవాడు