వ్యాను వడ్డాది దాటింది

10 నవంబరు 1997, కార్తీక సోమవారం, ఉదయం

చోడవరం పట్టణ వాసులకు, చుట్టుపక్కల గ్రామస్థులకు, మా టెంట్ హౌస్ నుంచి కుర్చీలు, గుండిగలు, షామియానాలు అద్దెకు తీసుకున్న, తీసుకోబోయే, తీసుకుని తిరిగివ్వని సకల జనులకు తెలియజేయడమేమనగా: బంగార్రాజు అనే నేను, వయసు నలభై ఎనిమిది, చదువు తొమ్మిదో తరగతి (రెండుసార్లు), ఈ క్షణం నుంచి అబద్ధం ఆడను. సరదాకి కూడా ఆడను. ఈ ప్రకటనను ఎవరూ తేలిగ్గా తీసుకోరాదు.

కారణం రూపాదేవి. మా అక్క కూతురు. విశాఖపట్నంలో ఎం.టెక్. సాఫ్ట్‌వేర్ అట. సెమినార్‌కి పరిశోధన టాపిక్ ఎవరిది వారే ఎంచుకోవాలట. మూడు పట్టుకెళ్తే మూడూ వెనక్కొచ్చాయి. మొదటిది మరీ పెద్దదట. రెండోది ఎవరో చేసేశారట. మూడోది నా పుణ్యం. టెంట్ హౌస్‌కి కంప్యూటర్ ప్రోగ్రాం రాయాలంటే ముందు ఏమేం తెలుసుకోవాలి అన్నది టాపిక్. నన్ను అడిగింది. కుర్చీల్లో ఆడ కుర్చీలు, మగ కుర్చీలు ఉంటాయనీ, కలిపి పేర్చితే కాళ్ళు విరుగుతాయనీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. రాసుకుంది. బోర్డు మీద రెండు డబ్బాలు గీసి క్లాసంతటికీ వివరించింది.

వచ్చే సోమవారం ఆఖరు గడువు. నాలుగోది కూడా తిప్పికొడితే సెమినార్ వచ్చే ఏడాదికి పోతుంది. జూనియర్ల పక్కన కూర్చోవాలి. అందుకని రేపొచ్చి వారమంతా మా షాపులోనే టాపిక్ వెతుక్కుంటుందట. షరతు ఒకటే. దొరికేదాకా మావయ్య అబద్ధం ఆడకూడదు.

ఒక్క వారం. ఇదేమన్నా కష్టమా.

అదే రోజు, సాయంత్రం

ఒక్కటీ ఆడలేదు. పులుసు ఎలా ఉందని మా ఆవిడ నరసమ్మ అడిగింది. మాట్లాడలేదు. మౌనం అబద్ధం కింద రాదు.

11, మంగళవారం

రూప దిగింది. పేర్చిన కుర్చీల మీద ఎక్కి కూర్చుంది. ఆడవో మగవో అడగలేదు. మంచి పిల్ల.

ఒకాయన షామియానా కోసం వచ్చి, వానొస్తే కారుతుందా అన్నాడు. మూడు చోట్ల కారుతుంది, నాలుగోది తయారవుతోంది అన్నాను. దణ్ణం పెట్టి ఎదురు షాపుకెళ్ళాడు. వాళ్ళది జల్లెడ. అక్కడ అడగలేదు.

నరసమ్మ గుమ్మంలోంచి చూస్తూ ఒక మాట అంది. "నువ్వు మంచోడివైపోతే మరి మనం ఏటి తినాల?"

సత్యానికి ఇంటి నుంచే వ్యతిరేకత.

12, బుధవారం

రోలుగుంట తవిటయ్య ఇంట్లో గృహప్రవేశం. సామాన్లు బయల్దేరాయా అని ఫోను. మామూలుగా అయితే నా నోట్లోంచి ఒక్క మాట వచ్చి, ఆయన హాయిగా భోజనానికి కూర్చునేవాడు. నిజం చెప్పాను. వ్యాను షెడ్డులో ఉంది, డ్రైవరు ఇలియాస్ టీకి వెళ్ళాడు, గుండిగలు ఇంకా తోమలేదు.

ఫోను పెట్టేశాడు. స్కూటరేసుకుని వచ్చేశాడు. ఎక్కించే ప్రతి కుర్చీనీ తడిమి చూశాడు. తాడు ఎలా కట్టాలో ఇలియాస్‌కి నేర్పాడు. నరసమ్మని మజ్జిగ అడిగాడు, ఉప్పు తక్కువైందన్నాడు. ఆఖరికి స్కూటరుని కూడా వ్యానులోకెక్కించి తను ముందు సీట్లో కూర్చున్నాడు.

నేర్చుకున్నది: నిజం చెప్తే గిరాకీ వచ్చి మన నెత్తి మీద కూర్చుంటాడు. "బయల్దేరింది" అంటే వాళ్ళింట్లో కూర్చుంటాడు.

13, గురువారం

నియమావళికి చిన్న సవరణలు.

నరసమ్మతో అన్నవి లెక్కలోకి రావు. అది సంసారం.

బయల్దేరడం మనసుకి సంబంధించినది. ఇలియాస్ మనసులో బయల్దేరితే వ్యాను బయల్దేరినట్టే.

రూప ఎస్టీడీ బూత్‌కెళ్ళి వాళ్ళ కాలేజీ మేష్టారికి ఫోన్‌లో రెండు టాపిక్‌లు వినిపించింది. ఒకటి హెడ్డింగు మాత్రమేనట, రెండోది హెడ్డింగు కూడా కాదట. వచ్చి గోడకేసి తిరిగి కూర్చుంది. అన్నం ముట్టలేదు. నరసమ్మ నా వంకే చూసింది. ఈ వారం నా తప్పేమీ లేదని డైరీలో అయినా ఉండాలి.

14, శుక్రవారం

పోయింది. ఒక్క పూటలో మొత్తం పోయింది.

కొత్తకోట నుంచి పైడితల్లి గారి ఫోను. కార్తీక సంతర్పణ. వ్యాను బయల్దేరిందా బాబూ అంది. పెద్దావిడ. ఎండలో ఎదురు చూస్తోంది. ఆమె స్కూటరెక్కి రాలేదు కదా. జాలితో "బయల్దేరిందమ్మా" అన్నాను.

రెండో ఫోను. "వడ్డాది దాటిందమ్మా."

మూడో ఫోను. పంక్చరు వేయించాను, రావికమతంలో.

వ్యాను మా షెడ్డులోనే ఉంది. ముందు సీట్లో ఇలియాస్ నిద్రపోతున్నాడు. వెనకాల గుండిగల మధ్య రూప కూర్చుని రాసుకుంటోంది. వడ్డాది దాటింది అనగానే తలెత్తి తన చుట్టూ చూసుకుంది. ఈ వారంలో మొదటిసారి నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"మావయ్యా, మా ట్రైనింగులో గోపీ అని ఒకడుండీవాడు. ప్రోగ్రాం ఎంతవరకొచ్చిందని ఉగాదికి అడిగితే తొంభై శాతం అయిపోయిందన్నాడు. దసరాకి అడిగినా తొంభయ్యే."

"ఆడిది కూడా వడ్డాది దాటిందన్నమాట."

"మరి ఎందుకలా సెప్తారు?"

"అడిగినోలికి ఆ మాటే కావాల అమ్మలూ. బయల్దేరిందా అని అడిగితే బయల్దేరిందనే సెప్తాం. ఎన్ని కుర్చీలెక్కించేవురా అని అడిగితే నా నోరు పడిపోద్ది. ఆ ప్రశ్న ఎవులూ అడగరు."

మా రూప గుంట గుండిగలోంచి లేచినట్టే లేచింది. పని ఎంత అయిందని అడిగితే వచ్చే జవాబు ఒకటి, ఏ పని అయిందని అడిగితే వచ్చే జవాబు ఇంకొకటి, ప్రాజెక్టుల్లో ఈ రెండింటికీ తేడా ఎంత అన్నదే టాపిక్ అంది. నాకు సగం అర్థమైంది. తనకి పూర్తిగా అర్థమైంది, అది చాలు.

వ్యాను సాయంత్రం నిజంగా బయల్దేరింది. పైడితల్లి గారు నాకు పెట్టిన శాపనార్థాలు ఇలియాస్ మోసుకొచ్చాడు.

15, శనివారం

ఇప్పుడు నా అబద్ధాలకి గిరాకీ వచ్చింది. ఎప్పుడెప్పుడు ఏం చెప్పావు, అసలేం జరిగింది అని రూప అడుగుతోంది. నలభై ఎనిమిదేళ్ళలో నన్నింత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

మొదటి పేజీకి గట్టి ఉదాహరణ ఒకటి కావాలంది. దేవరాపల్లి పెళ్ళి చెప్పాను. కుర్చీలు దగ్గరికొచ్చేశాయని నేను ఫోన్‌లో చెప్పడం, పెళ్ళివారు నమ్మి అరువు తెచ్చుకున్న బెంచీలు తిప్పి పంపేయడం, మూడొందల మంది చెరకు బళ్ళ అంచుల మీద వరసగా కూర్చుని భోంచేయడం, అందరూ చేతులు కడుక్కున్నాక కుర్చీలు చేరడం. పెళ్ళికూతురి తండ్రి ఒక్క మాట అనలేదు. కుర్చీలన్నీ వేయించి, అద్దెకి తెచ్చుకున్నాం కదా అని, ఒక్కో దాని మీదా ఒక్కో నిమిషం కూర్చుని లేచాడు.

రాసుకుంటూ రూప కళ్ళు తుడుచుకుంది. నవ్వో జాలో తెలియలేదు.

17, సోమవారం

ఒప్పుకున్నారు!

రూప విశాఖపట్నంలో బూత్ నుంచి మాట్లాడింది. మొదటి పేజీ చదివి మేష్టారు కళ్ళజోడు తీసేశారట. అందరూ ఉదాహరణలు కల్పిస్తారు, నువ్వు నిజమైనది తెచ్చావు అన్నారట.

నాకు జీడిపప్పు ఉప్మా. ఉప్పెక్కువైందా అంది నరసమ్మ. అద్భుతం అన్నాను.

18, మంగళవారం

రూప ఫోను. మేష్టారు ఆ దేవరాపల్లి పెళ్ళివారితో స్వయంగా మాట్లాడతారట. ఇంటిపేరు కావాలట.

నాలుక మీదకి మూడు ఇంటిపేర్లొచ్చాయి. మూడూ బాగున్నాయి. ఏదిచ్చినా ఈ పూట గడుస్తుంది. క్లాసులో బోర్డు మీద ఆడ కుర్చీల డబ్బా గీసి పక్కన నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. మూడూ మింగేశాను.

"ఆ పెళ్ళివారు లేరమ్మా."

"ఊరొదిలి ఎళ్ళిపోయేరా?"

"లేదు. పెళ్ళే లేదు."

అయితే ఆ కొత్తకోట వ్యానులో నేనే కూర్చున్నాను కదా, అదే రాసుకుంటాను, మేష్టారికి కూడా నేనే చెప్పుకుంటాను అంది. మిగతావన్నీ నిజమేనా అంది. నిజమే అన్నాను. ఆ మాట నిజమేనా అంది. ఫోను నరసమ్మకిచ్చాను.

సాయంత్రం మళ్ళీ ఫోను. టాపిక్ నిలబడింది. మేష్టారు ఒక వాక్యం చేర్చమన్నారట: టెంట్ హౌస్ యజమాని చెప్పినవన్నీ రెండో మనిషిని అడిగి సరిచూడడమైనది.

కాబట్టి చోడవరం పట్టణ వాసులకు మరోసారి తెలియజేయడమేమనగా: రేపటి నుంచి అబద్ధం ఆడను. ఈసారి సవరణలుండవు. నరసమ్మ కూడా లెక్కలోకి వస్తుంది, పులుసుతో సహా.

ఇవాళ్టికింకా కొంచెం పొద్దుంది గనక ఇక్కడే రాసేస్తున్నాను. దేవరాపల్లికి నేను ఇంతవరకూ ఒక్క గరిటె కూడా పంపలేదు. ఆ పెళ్ళి, ఆ బెంచీలు, ఆ చెరకు బళ్ళు, అన్నీ రూప అడిగాక అక్కడికక్కడే పుట్టాయి. మిగతావి పోతే పోయాయి. ఒక్కో కుర్చీ మీదా కూర్చుని లేచిన ఆ పెద్దమనిషి కూడా లేడంటేనే కష్టంగా ఉంది. ఆయనంటే నాకు గౌరవం కుదిరింది.