మూడు చక్రాల లెక్క మిషను

లక్సెట్టిపేట,
3 జూలై 1964

కరీంనగర్ మరమగ్గాల సంఘం సెక్రటరీ ముత్తయ్య గారి సమక్షానికి, పదిహేడో నంబరు మగ్గం నేసుకు బతికే దశరథం దండం పెట్టి రాసుకునేది.

అయ్యా, జూన్ నెలంతా కలిపి నేను పన్నెండు గజాలే నేశానని, ఇంత సోమరికి మగ్గం ఉంచబోమని మీ కార్డు వచ్చింది. అది చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. పన్నెండు గజాలు నేయడానికి నెల ఎందుకండీ, ఒక పూట చాలు. నేను నేసింది వెయ్యిన్ని పన్నెండు. పోయిన నెల మీరు మగ్గానికి బిగించిన లెక్క మిషనులో అంకెల చక్రాలు మూడే ఉన్నాయి. తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాటగానే అది మూడు సున్నాలు చూపించి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. నెలాఖరున వచ్చిన మీ చెకింగు మనిషి ఆ పన్నెండే రాసుకుపోయాడు. బట్ట మీ గోదాములోనే ఉంది, కొలిపించండి. మగ్గం పోతే మాకు వేరే ఆధారం లేదు.

మీ దయ కోరే
దశరథం

తా.క.: "దీనికి వెయ్యి చూపెట్టే చక్రం లేదా?" అని చెకింగు మనిషిని అడిగాను. "గింత దనుక ఎవ్వలు వెయ్యి నేయలే. గందుకే పెట్టలే" అన్నాడు.

కరీంనగర్,
9 జూలై 1964

దశరథానికి సెక్రటరీ ముత్తయ్య తెలియజేసేది.

నీ ఉత్తరం అందింది. బట్ట కొలిపించాము. వెయ్యిన్ని పన్నెండు గజాలు ఉన్న మాట నిజమే. అందువల్ల నీ తప్పు ఇంకా పెద్దదయింది. మిషను పన్నెండు చూపిస్తుంటే మిగతా వెయ్యి గజాలు ఎవరి మగ్గం మీద నుంచి ఎత్తుకొచ్చావు? మిషను బొంబాయి నుంచి తెప్పించినది, దానికి అబద్ధం చెప్పే అవసరం లేదు. సంఘంలో ఎంతటి పనిమంతుడూ నెలకు ఆరు వందల గజాలు దాటలేదు. నీకు నూలు ఎంత ఇచ్చామో చూద్దామంటే ఆ లెక్క రాసే గుమాస్తా బాసర యాత్రకు పోయి ఇంకా రాలేదు. ఇరవయ్యో తేదీలోగా సంజాయిషీ రాకపోతే మగ్గం విప్పించి, ఠాణాకు రాస్తాము.

ఇట్లు
ముత్తయ్య

తా.క.: దొంగ బట్టే అయినా నేత బాగుంది. ఆ నేసిన వాళ్లెవరో చెబితే వాళ్లను సంఘంలో చేర్చుకుంటాము.

లక్సెట్టిపేట,
14 జూలై 1964

సెక్రటరీ గారికి, కాళ్లూ చేతులూ ఆడని దశరథం మొరపెట్టుకునేది.

అయ్యా, ఠాణా మాట చదివాను. నిజం చెబితే మగ్గం పోతుంది, చెప్పకపోతే జైలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా చెబుతున్నాను. మా ఇళ్లలో మగవాళ్లు మగ్గం నడపాలి, ఆడవాళ్లు కండెలకు నూలు చుట్టాలి. మగ్గం ఎవరి పేరున ఉంటే వాళ్లే నేయాలని మీ రూలు కూడా ఉంది. కానీ నా భార్య నర్మద అప్పుడప్పుడు, నేను అన్నానికి లేచినప్పుడు, కాస్త మగ్గం చూసుకుంటుంది. మిషను మూడు సున్నాలకు వచ్చిన రోజు ఆమే మగ్గం దగ్గర ఉంది. "గీ మిషను మర్సిపోయినా బట్ట మర్సిపోవద్దు" అని అంచులో ఒక ఎర్ర దారం వేసి నేసింది. చివరి తాను విప్పి, కొస నుంచి కొలవండి. సరిగ్గా పన్నెండు గజాల దగ్గర ఆ దారం ఉంటుంది. ఆ ఒక్క దారం వెయ్యి అని లెక్క. ఆ వెయ్యీ నా మగ్గానివే. నేను దొంగను కాను.

మీ
దశరథం

తా.క.: సెక్రటరీ సారుకు నర్మద దండాలు. టపాల వెయ్యమని ఉత్తరం నా చేతికిచ్చిండు, గందుకే గీ ముక్క రాస్తున్న. ఆయన అన్నానికి లేస్తడు, నిజమే. అన్నం తిన్నంక పండుకుంటడు, అది రాయలే. నాలుగు వందల గజాలు ఆయనయి, మిగిలినయి నావి. దొంగతనం మాత్రం చేయలే సారూ, దొంగతనానికి ఆయన లేవాలె గదా.

కరీంనగర్,
23 జూలై 1964

దశరథానికి ముత్తయ్య రాసేది.

తాను విప్పాము. పన్నెండు గజాల దగ్గర ఎర్ర దారం కనిపించింది. దొంగతనం మాట కొట్టేశాము, ఠాణాకు రాయడం లేదు. నిన్ను అనుమానించినందుకు నాకు సిగ్గుగా ఉంది. కానీ రూలు రూలే. ఇంకొకరి చేత నేయించావు గనుక పదిహేడో నంబరు మగ్గం నీ నుంచి వాపసు తీసుకున్నాము. ఖాళీ అయిన మగ్గం, నెలలో అందరికంటే ఎక్కువ నేసిన మనిషికి ఇవ్వాలని కూడా రూలు ఉంది. సంఘం మొత్తం మీద ఆరు వందలు దాటింది శ్రీమతి నర్మద ఒక్కరే. మగ్గం ఆమె పేరున రాశాము. ఆ మగ్గానికి కండెలు చుట్టేందుకు ఒక మనిషిని పెట్టుకోవచ్చు. నీకు ఆ పని కావాలంటే అర్జీ ఆమెకే పెట్టుకో, మాకు కాదు.

ఇట్లు
ముత్తయ్య

తా.క.: నీ తరఫున చెకింగు మనిషిని పంపి నిన్న మధ్యాహ్నం ఆమెను అడిగించాము. నువ్వు నిద్రలో ఉన్నావని లేపలేదట. "పెట్టుకుంట గని, ముందు ఒక నెల చూస్త. ఆయన కండె వదులుగ చుడ్తడు" అందట.