మూడు బళ్ళు, ఒకే మైక్రోస్కోపు

కాలువగట్టు ప్రభుత్వ హైస్కూలు హెడ్మాస్టరుగారికి,

నమస్కారం. మా అమ్మాయికి ఇక్కడి ఆసుపత్రికి బదిలీ అయింది. దాని కూతురు, అంటే నా మనవరాలు, తొమ్మిదో తరగతిలో చేరాలి. చుట్టుపక్కల ఉన్నవి మూడు సర్కారు హైస్కూళ్ళు: కాలువగట్టున మీది, సంతవీధిలో ఒకటి, కొండవాలులో ఒకటి. "ఏదో ఒకటిలే అమ్మా, అన్నీ ఒకటే" అంది మా అమ్మాయి. అన్నీ ఒకటే అనేవాళ్ళు దేన్నీ చూసి ఉండరని నా అనుభవం. అందుకని మూడూ చూసి, పోల్చి, పదికి ఇన్ని అని మార్కులు వేయదలచాను.

సోమవారం పొద్దున మీ బడికి వస్తాను; మంగళవారం సంతవీధి, బుధవారం కొండవాలు. ప్రయోగశాల, పుస్తకాలు, మంచినీళ్ళు, ఆడపిల్లల మరుగుదొడ్డి చూపించాలి. లెక్కల మాస్టారంటూ ఒకరు ఉంటే ఆయన్నీ చూస్తాను.

ఇట్లు,
ఒక మనవరాలి అమ్మమ్మ

తా.క.: నాకోసం గోడలకు రంగులు వేయించకండి. రంగు కింద ఏముందో చూడటం నాకు అలవాటు.

*

పూజ్యులైన అమ్మమ్మగారి సముఖానికి,

మీ ఉత్తరం లేచి నిలబడి చదివాను. ఎవరో ఒకరు వచ్చి మూడు బళ్ళనూ పోలుస్తారనీ, అట్టడుగున తేలిన బడిని మూసేస్తారనీ జిల్లా విద్యాశాఖ ఆఫీసు నుంచి మాకు ముందే సర్క్యులర్ వచ్చింది. ఆ ఎవరో ఏ రూపంలో దిగుతారా అని ముగ్గురు హెడ్మాస్టర్లమూ తలలు బద్దలు కొట్టుకుంటున్నాం. మనవరాలి కోసం తిరిగే అమ్మమ్మగా వస్తారని మాత్రం కలలో కూడా అనుకోలేదు. అమోఘం! మేమూ ఏమీ తెలియనట్టే ఉంటాం.

సదా మీ విధేయుడు,
కాలువగట్టు హెడ్మాస్టరు

తా.క.: మనవరాలి పేరు అడగను. లేని పిల్లకు పేరు వెతికే శ్రమ మీకెందుకు?

*

హెడ్మాస్టరుగారికి,

నా మనవరాలు లేదనడానికి మీకు కలమెలా ఆడింది? ఉంది. ఎడమచేత్తో రాస్తుంది, కుడిచేతి గోళ్ళు కొరుక్కుంటుంది.

ఇక అసలు సంగతి. సోమవారం మీ బడిలో రెండు జడల అమ్మాయి మైక్రోస్కోపు ముందు నిలబడి ఉల్లిపొర కణాల గురించి చక్కగా చెప్పింది. ముచ్చటేసి తొమ్మిది వేశాను. మంగళవారం సంతవీధి బడిలో ఒంటిజడ అమ్మాయి చెప్పింది. అదే మైక్రోస్కోపు, అదే ఉల్లిపొర, అదే అమ్మాయి. జడ మారితే మొహం మారుతుందా? బుధవారం కొండవాలు బడికి నేను కాస్త ముందే వెళ్ళి వరండాలో కూర్చున్నాను. లెక్కల మాస్టారు స్కూటరు మీద దూసుకొచ్చారు. వెనక ఆ అమ్మాయి, ఆమె ఒళ్ళో మైక్రోస్కోపు.

"అయ్యో, అప్పుడే వచ్చేశారా అమ్మమ్మగారూ? నేనింకా జడే వేసుకోలేదు" అంది.

మూడు బళ్ళలోనూ నాకు నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. మీ సంజాయిషీ కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఉన్న మనవరాలి అమ్మమ్మ

తా.క.: గోడ ఆరిపోయిందని మీ అటెండరు అన్నాడు. ఆరలేదని నా భుజం అంటోంది.

*

అమ్మగారికి,

తప్పయిపోయింది. మైక్రోస్కోపు సంతవీధి వాళ్ళది. పుస్తకాల బీరువా కొండవాలు వాళ్ళది. అమ్మాయి మాది. లెక్కల మాస్టారు అందరివాడు, రోజుకో బడి. మీకోసం వేసిన వేషం అమ్మాయీ, ఆమె జడల వరకే. మామూలు రోజుల్లోనూ మిగతావన్నీ ఇలా తిరుగుతూనే ఉంటాయి. విడివిడిగా చూస్తే మూడు బళ్ళూ అట్టడుగే.

మా బడి మూస్తే ఆ అమ్మాయి చదువు ఆగిపోతుంది. వాళ్ళ నాన్న కాలువలో పడవ నడుపుతాడు. "ఒకటి రెండు రోజులంటే మాస్టారు వెంటబెట్టుకెళ్తారు, సరే. రోజూ అంత దూరం ఒక్కదాన్నీ పంపను సార్. ఇక్కడ బడి లేకపోతే ఇంట్లోనే ఉంటుంది" అని తేల్చేశాడు. కోసే మార్కులేవో నాకు కోయండి. బడిని వదిలేయండి.

మీ అపరాధి,
హెడ్మాస్టరు

తా.క.: నిన్న సంచీ తగిలించుకున్న బక్కమనిషి ఒకాయన వచ్చి బడి చూడాలన్నాడు. గైడ్లు అమ్మేవాడనుకుని రంగులవాళ్ళ నిచ్చెన పట్టుకోమన్నాం. "నేను జిల్లా ఆఫీసు నుంచి..." అన్నాడు. "ఆవిడ వచ్చి చూసి వెళ్ళిపోయారు గానీ, నువ్వు నిచ్చెన సరిగ్గా పట్టుకో" అన్నాడు మా అటెండరు.

*

హెడ్మాస్టరుగారికి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. నేను ఏ అధికారినీ కాను. మొదటి ఉత్తరం నుంచీ అదే మొత్తుకుంటున్నాను. మీరు నిచ్చెన పట్టించినాయనే అసలు అధికారి.

వెంటనే ఆయన్ని వెతికి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నా మార్కులు కూడా చూపించండి: "ఒకే మైక్రోస్కోపు, ఒకే బీరువా, ఒకే లెక్కల మాస్టారు ఉన్నచోట పోల్చడానికి మూడు బళ్ళెక్కడివి? ఉన్నది మూడు భవనాల్లో నడిచే ఒకే బడి. ఒకటిలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది సున్న. చదువుకు ఎనిమిది. మంచినీళ్ళకు మూడు. మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం లేదు కనుక దానికీ సున్న."

ఇట్లు,
ఉత్త అమ్మమ్మ

తా.క.: నాటకానికి తొమ్మిదిన్నర. అర మార్కు జడ దగ్గర పోయింది.

*

అమ్మమ్మగారికి,

ఆయన దొరికారు. క్షమాపణ చెప్పుకుని, మీరు అధికారి కారని కూడా చెప్పాను. నమ్మితేనా! "నాకు తెలీదనుకున్నారా సార్? పైవాళ్ళు ఇలాగే వస్తారు. నేను ఉద్యోగంలో కొత్త కదా, నన్నూ పరీక్షిస్తున్నట్టున్నారు" అన్నారు. మీ మార్కులు రెండుసార్లు చదివి, "గొళ్ళెం సంగతి నా కంట పడనేలేదు. అంత చూపు పై అధికారులకే ఉంటుంది" అని గబగబా కింద సంతకం పెట్టేశారు.

ఉత్తర్వు ఈరోజే వచ్చింది. మూడు బళ్ళూ ఇకనుంచి ఒకే బడి కింద లెక్క. ఏదీ మూయరు. పడవ నడిపే తండ్రి వచ్చి ఉత్తర్వు నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.

కృతజ్ఞతలతో,
మీ హెడ్మాస్టరు

తా.క.: ఉత్తర్వు నకలు మీకూ వస్తుంది. మీ హోదా ఏం రాయాలో తెలియక చుక్కలు పెట్టి వదిలేశారు.

*

హెడ్మాస్టరుగారికి,

లేని హోదా నాకు గిట్టదు. నేను ఎవరినీ కానని జిల్లా ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో రాశాను. జవాబుగా జీపు వచ్చింది. జిల్లాలో మిగిలిన హైస్కూళ్ళన్నీ పోల్చాలట.

"నాయనా, నేను ఉత్త అమ్మమ్మని" అన్నాను డ్రైవరుతో.

"మీరలాగే అంటారని ఆఫీసులో ముందే చెప్పారండి" అని తలుపు తీశాడు.

"వెళ్ళవే అమ్మా, కొన్నాళ్ళు మాకు మార్కులు తప్పుతాయి" అంది మా అమ్మాయి.

మనవరాలిని సోమవారం మీ బడిలో చేరుస్తుంది. ఆ జడల పిల్ల పక్కనే కూర్చోబెట్టండి.

ఇట్లు,
జీపులో అమ్మమ్మ

తా.క.: "ముందు ఏ బడికి మేడమ్?" అంటున్నాడు డ్రైవరు. ముందు జిల్లా ఆఫీసుకే పోనిమ్మన్నాను. మూడు బళ్ళకు ఒక లెక్కల మాస్టారు చాలన్నదెవరో కనుక్కుని, ఆయనకు మార్కులు వేశాకే బడులు.