రెండు వందల లీటర్లు

హోసూరు,
నవంబరు 24

ప్రియమైన సహనకు,

నువ్వు పుట్టింటికి వెళ్ళాక ఫోన్ ఎత్తితే చాలు పోట్లాడుకుంటున్నాం, నీ బీపీకి అది మంచిది కాదు, ఉత్తరాలు రాయమన్నావు. ఇదిగో, రాస్తున్నాను. మిద్దె మీద సోలార్ వేడినీళ్ళ ట్యాంకు కారిపోతోంది. మన బోరు ఉప్పునీళ్ళు లోపలి స్టీలును తినేశాయట. వెల్డింగు పెట్టినా నిలవదని సోలార్ కొట్టు ముత్తు తేల్చేశాడు. ట్యూబులు, స్టాండు బాగానే ఉన్నాయి కాబట్టి పాత కొలతకే నూటయాభై లీటర్ల ట్యాంకు ఒక్కటి మార్చుకోవచ్చు. లేదా అన్నీ మార్చి రెండు వందల లీటర్లది పెట్టుకోవచ్చు. ఏది కొన్నా లోపల గాజు పూత ఉంటేనే మన నీళ్ళకు ఆగుతుందట.

నాకు పెద్దదే మేలనిపిస్తోంది. అమ్మ కూడా అదే అంటోంది. నువ్వేమంటావు? మాత్రలు మరిచిపోకు.

నీ
గిరిప్రసాద్

---

కృష్ణగిరి,
నవంబరు 28

ప్రియమైన మీకు,

కాళ్ళ వాపు కాస్త తగ్గింది. పాత కొలతదే తీసుకోండి. నిక్షేపంలాంటి ట్యూబులు పారేయడం ఎందుకు? మన ఇంట్లో మీరు, నేను, అత్తమ్మ, మామయ్య, నలుగురమే. నలుగురికీ ఇన్నాళ్ళూ నూటయాభై చాలింది, ఇకముందూ చాలుతుంది. అత్తమ్మను తొందరపడవద్దని చెప్పండి. ఇంతకంటే రాయలేను.

మీ
సహన

---

హోసూరు,
డిసెంబరు 3

ప్రియమైన సహనకు,

నలుగురమేనా? ఎనిమిదో నెల నడుస్తుంటే లెక్క మరిచిపోయావా? నాకు నవ్వొచ్చింది. అమ్మకు కూడా చదివి వినిపించాను. చేతిలో పని వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. తొందరపడవద్దన్నందుకు కోపం వచ్చిందేమో.

కోప్పడకు గానీ, ముత్తుకు పెద్దదానికే అడ్వాన్సు ఇచ్చేశాను. నీ బాలింత స్నానాలకు, బిడ్డకు నీళ్ళు పోయడానికి చన్నీళ్ళు పనికొస్తాయా? ఈ చలిలో ఎండ కూడా అంతంతమాత్రం. వచ్చే ఆదివారం బిగిస్తారు.

నీ
గిరిప్రసాద్

---

కృష్ణగిరి,
డిసెంబరు 7

ఏమండీ,

నవ్వొచ్చిందా మీకు?

పోయినసారి ఏడో నెలలోనే అత్తమ్మ బేరిగైలో ఉయ్యాల చేయించి తెచ్చారు. నట్టింట్లో వేలాడదీశారు. నేను ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చేసరికి అది అక్కడే ఉంది. దాన్ని తీసేయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. పుట్టకముందే బిడ్డ కోసం గుడ్డపేలిక కూడా కొనకూడదంటారు. మూఢనమ్మకమే అనండి, నేనూ చదువుకున్నదాన్నే. అయినా భయంగా ఉంది. ఆ అదనపు యాభై లీటర్లు ఎవరి కోసమో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అడ్వాన్సు పోతే పోయింది, ఆదివారంలోగా ఆపేయండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

పొద్దుటి నుంచి నడుము లాగుతోంది. అమ్మకు ఇంకా చెప్పలేదు.

సహన

---

కృష్ణగిరి,
డిసెంబరు 22

ప్రియమైన శ్రీవారికి,

ఆ రాత్రే నొప్పులు రావడం, మీరు పరుగెత్తుకు రావడం, నెల ముందే పుట్టిన పాపను వెచ్చటి పెట్టెలో ఉంచడం, అన్నీ మీరు చూసినవే. మీరు మన కొట్టు తెరవాలని వెళ్ళాక జరిగింది రాస్తున్నాను. ఈ రోజు పాపను నా చేతికిచ్చారు. గండం గడిచింది, ఇంటికి తీసుకెళ్ళవచ్చన్నారు.

మధ్యాహ్నం అత్తమ్మ ఒక్కరే బస్సెక్కి వచ్చారు. చేతి మీద పెద్ద బొబ్బ. ఏమైందంటే, "ఉడుకునీళ్ళ గిన్నె జారిందమ్మా" అన్నారు. కొత్త సోలార్ ఉండగా గిన్నెలు మోయడం ఎందుకని అడిగాను.

"యాడుందమ్మా సోలారు? నలుగురమేనని నువ్వు రాసింది వాడు చదివి నవ్వినాడు. వానికి అర్థం కాలేదు, నాకయింది. మర్నాడే ముత్తు దగ్గరికి పోయి వద్దని చెప్పి వచ్చినాను. బిడ్డ చేతికొచ్చేదాకా నీకు ఆ మాటే ఎత్తొద్దని వానికీ చెప్పినాను."

పోనీ చిన్నదైనా కొనాల్సింది కదా అన్నాను.

"అదెట్లా కొంటామమ్మా? చిన్నది కొంటే, బిడ్డ రాదని మనమే అన్నట్టు గదా."

పెద్దది కొనడానికి నేను భయపడ్డాను. చిన్నది కొనడానికి ఆమె భయపడ్డారు. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ మోకాళ్ళ నొప్పులతో గిన్నెలు మోశారు. నేను ఆమెను మనసులో ఎన్ని మాటలన్నానో మీకు తెలియదు. తెలిసి కూడా నోరు విప్పని మీ సంగతి ఇంటికి వచ్చాక చూస్తాను.

ఆమె పాపను దూరం నుంచే చూస్తూ నిలబడ్డారు. చెయ్యి చాపలేదు. కాసేపటికి మెల్లగా, "ఇప్పుడు ముత్తుకు చెప్పొచ్చునామ్మా?" అని అడిగారు. ఇంటికి పెద్దావిడ నన్ను అనుమతి అడుగుతున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. పాపను తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

ఈ ఉత్తరం అందగానే పెద్దది బిగించమనండి. మేము వచ్చేదాకా ఆగవద్దు. మొదటి వేడినీళ్ళు అత్తమ్మ మోకాళ్ళకు.

మీ
సహన, పాప