ఆడవాళ్ల బెంచీల్లోంచి

నాన్నా,

నువ్వుంటే ఈ సంగతి నీకు చెప్పేదాన్ని కాదు. లేవు కనక రాస్తున్నాను.

బందరులో నువ్వు ఆపరేటరుగా పనిచేసిన సినిమా హాలును పడగొడుతున్నారని తెలిసి, ఈ పొద్దున గుడివాడలో బస్సెక్కాను. వెళ్లేసరికి పైకప్పు తీసేశారు. తెర ఉండే గోడ మీద ఎండ పడుతోంది. నీ క్యాబిన్ మాత్రం ఇంకా నిలబడే ఉంది. దాని లోపల సమ్మెట దెబ్బలు వినిపిస్తున్నాయి.

కొత్త బొమ్మ వేసిన ప్రతిసారీ నన్ను ఆడవాళ్ల బెంచీల్లో కూర్చోబెట్టేవాడివి. మిషను హోరులో, హాల్లో మాట ఎలా వస్తోందో నీకు తెలిసేది కాదు. బాగా వినపడితే నేను వెనక్కి తిరిగి చెయ్యెత్తాలి. క్యాబిన్ కన్నంలో నీ మొహం ఒక్క క్షణం కనిపించి తప్పుకునేది.

ఇవాళ ఆ బెంచీలుండే చోట నిలబడి వెనక్కి తిరిగాను. దెబ్బలు ఆగాయి. కన్నంలోకి ఒక మొహం వచ్చింది. ఎండ కళ్లల్లో పడి ఎవరిదో తెలియలేదు. నా చెయ్యి దానంతటదే లేచింది.

"ఏంటమ్మా, ఆపమంటారా?" అని అడిగాడు పైనున్న కూలీ.

"ఆపొద్దులే బాబూ," అన్నాను. చెయ్యి మాత్రం దించలేదు. "బాగా వినపడుతోంది."