ఖాళీ సోఫాకు మంచినీళ్లు

శుక్రవారం రాత్రి, మారేడ్‌పల్లి

అత్తమ్మకు మాటిమాటికీ బాత్‌రూమ్‌కు వెళ్లే పని తగ్గాలని ఇచ్చిన మాత్ర ఆపి తొమ్మిది రోజులైంది. మతిమరుపు మొదలైనవాళ్లకు దానివల్ల లేని మనుషులు కనిపించవచ్చని డాక్టర్ అన్నాడు. అది వేసుకున్నన్నాళ్లూ ఆమె ఖాళీ సోఫా ముందు మంచినీళ్ల గ్లాసులు పెట్టేది. "ఈడ ఎవ్వరు లేరు" అని విసుక్కుంటూ నేను తీసేదాన్ని. ఇప్పుడు ఎవరూ కనిపించడం లేదట.

ఈ సాయంత్రం యాప్రాల్ నుంచి మా మరిది శీను వచ్చాడు. అత్తమ్మ నీళ్లివ్వలేదు. వంటింట్లోకొచ్చి మెల్లగా అడిగింది.

"సోఫాల శీను కూసున్నడా, నాకే కనవడుతుండా?"

"నిజంగనే వచ్చిండు అత్తమ్మా."

అప్పుడు నీళ్లు తీసుకెళ్లింది. వాడు గ్లాసు ఖాళీ చేసేదాకా అక్కడే నిలబడి చూసింది.