చేటెడు తవుడుకు అమ్మిన పిల్లను తిరిగి ఇప్పించుట గురించి

రంగూన్, పజుండౌంగ్,
1926 నవంబరు 9.

మిల్లు కూలీ బారకాసుల సూపరింటెండెంటు దొరవారి సముఖమునకు, నాలుగో లైనులో కాపురముంటున్న బస్తాల పోలయ్య భార్య సన్యాసమ్మ, వయసు ఇరవై మూడు, వ్రాయించుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా కూతురు రత్నమును సింహాచలమ్మ వద్ద నుండి నాకు ఇప్పించుట, సదరు సింహాచలమ్మను దూరపు లైనుకు మార్చుట.

తమరు బారకాసుల గోడలకూ తలుపులకూ మాత్రమే అధికారులనీ, పిల్లల తగవులు తమ పరిధిలోనివి కావనీ వీధిలో గొడుగు కింద కూర్చొని ఈ అర్జీ వ్రాస్తున్న కూర్మనాథం గారు మొదటే హెచ్చరించినారు. అయినా నాకు తెలిసిన అధికారి తమరొక్కరే గనుక ఈ క్రింది అంశాలు మనవి చేసుకొంటున్నాను.

1. పోయిన సంవత్సరం చైత్రంలో రత్నం పుట్టినది. దానికి ఏడో నెల వచ్చేసరికి నా ఎడమ రొమ్ములో గట్టిగా గడ్డ తగిలింది. లైనులో అందరూ పాలగడ్డ అన్నారు. ఆముదపు ఆకు వెచ్చచేసి కట్టాము. ఎదుటి వీధి బర్మా ముసలామె ఏదో చెక్క అరగదీసి పూసింది. మూడు నెలలు అలా గడిచాక పెద్దాసుపత్రి దొరసాని డాక్టరు చూసి, ఇది రాచపుండు, రొమ్ము మొత్తం తీసివేయాలి, బతుకు సంగతి చెప్పలేను అన్నది.

2. మా వైపు ఒక ఆనవాయితీ ఉన్నది. తల్లికి గండం వస్తే పిల్లను చేటెడు తవుడుకు పొరుగువారికి అమ్మేస్తారు. అప్పుడు ఆ గండం పిల్లను వెతుక్కొని వచ్చినా, ఇది ఆ తల్లి పిల్ల కాదనుకొని వెళ్లిపోతుంది. గండం గడిచాక తవుడు తిరిగి ఇచ్చి పిల్లను కొనుక్కుంటారు. అయిదో లైనులో, మా గది వెనక గోడకు అవతలి గదిలో సింహాచలమ్మ ఉంటుంది. అప్పటికి పది రోజుల క్రితమే ఆమె చంటిపిల్ల జ్వరంతో పోయింది. పాలు ఇంకా ఉన్నాయి. ఆమెకే అమ్మాను. "బతికొస్తే నీ తవుడు నీకిచ్చేస్తాను అప్పా" అన్నాను. "ముందు బతికి రాయే" అన్నది.

3. బతికి వచ్చాను. మూడు నెలలు ఆసుపత్రిలో ఉండి వచ్చాను. వచ్చిన రోజే చేటతో తవుడు పట్టుకొని వెళ్లాను. "నానిచ్చిన తవుడే తే. వేరే తవుడు నాకక్కర్లేదు" అన్నది. ఆ తవుడును నా భర్త పోలయ్య, నేను తెలివి లేకుండా పడివున్న రోజుల్లో, పాలు పోసే యర్రయ్య గేదెకు పెట్టేశాడు. పజుండౌంగ్‌లో అన్నీ బియ్యపు మిల్లులే, అడుగు తీసి అడుగు వేస్తే తవుడే. అయినా ఆమెకు ఆ గేదె తిన్నదే కావాలట! ఈ అయిదు నెలల్లో పదకొండుసార్లు చేట పట్టుకొని వెళ్లి, అదే చేటతో తిరిగి వచ్చాను.

4. ఇప్పుడు నా పిల్ల పేరు తవిటమ్మ. సింహాచలమ్మను అమ్మా అంటుంది, నన్ను సన్నాసీ అంటుంది. ఆమె ఎడమ చంక దిగదు. నా ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు, బరువు ఆగదు. కుడి చంకన ఎత్తుకుంటే పిల్ల విల్లులా వంగిపోతుంది. ఒకనాడు తనంతట తానే నా ఒడిలోకి వచ్చి, పైట కింద ఎడమవైపు చెయ్యి పెట్టి వెతికింది. అక్కడ ఏమీ లేదు. నా మొహం చూసి, దిగి వెళ్లిపోయింది.

కూర్మనాథం గారు ఇక్కడ 'మిక్కిలి మనస్తాపము కలుగుచున్నది' అని వ్రాసినారు. కొట్టివేయించాను. "కుళ్లు అని రాయండి బాబూ. కుళ్లుతో సచ్చిపోతన్నాను" అన్నాను. పిల్ల ఏడిస్తే చాలు, సింహాచలమ్మ పైట తడుస్తుంది. ఆ తడి మరక చూస్తే నా కడుపు భగ్గుమంటుంది. రాచపుండు కూడా నన్ను ఇంత బాధ పెట్టలేదు. నా పిల్లకు పాలిచ్చి బతికించిన మనిషి మీద ఓర్వలేనితనం పాపమని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన పోతుందా?

5. కావున ప్రార్థన ఏమనగా, ఏ తవుడైనా తవుడేనని ఉత్తర్వు ఇచ్చి నా పిల్లను నాకు ఇప్పించవలెను. సదరు సింహాచలమ్మను పిల్ల ఏడుపు వినబడనంత దూరంగా, వాగు ఒడ్డున ఉన్న ఒకటో లైనుకు మార్చవలెను.

తమనూ ఒక తల్లి ఎత్తుకొని పెంచినదే గనుక, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సన్యాసమ్మ వేలిముద్ర.

తా.క. నవంబరు 11. మొన్న వేలిముద్ర తడి ఆరకముందే సింహాచలమ్మ పిల్లతో సహా కూర్మనాథం గారి గొడుగు కిందికి వచ్చి, ఏటి రాయిస్తన్నావని నిలదీసింది. చదివి వినిపించండి అన్నాను. నాలుగో అంశం అయిపోగానే ఆపమన్నది.

"ఒలే సన్నాసీ, నా పైట మీద నీకు కుళ్లేటే? నువ్వు బతికొచ్చిన్నాటి నుంచి నాను నిన్ను సూసి ఏడుస్తన్నాను. నువ్వు రాకపోతే బాగుణ్ణని మొక్కుకున్నాను కూడా. రాయండి బాబూ, అదీ రాయండి" అన్నది. అని, నా వెంట ఉన్న చేటలోని తవుడే ఒడిలో పోయించుకొని, పిల్లను నా కుడి చంకన పెట్టి వెళ్లిపోయింది.

పిల్ల మధ్యాహ్నమంతా ఏడ్చింది. గోడకవతల ఆమె ఏడుపూ వినబడింది. పొద్దు వాలే వేళకు నేనే పిల్లతో లైనంతా చుట్టి ఆమె గదికి వెళ్లి, పాలు తాగించి తెచ్చుకున్నాను. నిన్న అలా ఆరుసార్లు తిరిగాను.

కావున ఆమెను ఒకటో లైనుకు మార్చమన్న ప్రార్థన రద్దు చేసుకొంటున్నాను. దానికి బదులు మా రెండు గదుల మధ్య చెక్క గోడకు ఒక తలుపు పెట్టించవలెను. ఇది తమ అధికారంలోనిదే. ఇందుకు సింహాచలమ్మ కూడా ఒప్పుకొని వేలిముద్ర వేసినది. తలుపుకు వేసే గెడ ఎవరి వైపు ఉండాలన్న దాని మీద మాత్రం మాకు రాజీ కుదరలేదు. నా వైపే ఉండవలెను.